తేదీ లేనివాళ్లను ఏ రోజు తలుచుకుందాం?

ఈ 2026లో లెక్కలు బాగా కుదిరినాయి. బళ్లారి రాఘవ కన్నుమూసి మొన్న ఏప్రిల్ 16కు 80 ఏళ్లు నిండినాయి. వచ్చే నవంబరు 1కి భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడి 70 ఏళ్లు. డిసెంబరు 20కి మల్లీశ్వరి సినిమా వచ్చి 75 ఏళ్లు. ఇట్లాంటి అంకెలు వస్తే కాలేజీలకు పని దొరుకుతుంది. ఫ్లెక్సీ కడతారు. పటానికి దండ వేస్తారు, దీపం వెలిగిస్తారు, ముఖ్య అతిథికి శాలువా కప్పుతారు. మనలో గొంతు బాగున్న ఇద్దరు ప్రార్థన పాడతారు. మిగిలినవాళ్లం వెనక బెంచీల్లో కూర్చుని, వందన సమర్పణ ఎప్పుడా అని గడియారం చూస్తుంటాము.

జయంతులు, వర్ధంతులు వద్దని నేను అనడం లేదు. నాకు అవంటే ఇష్టమే. ఏడాదంతా సిలబస్ తప్ప ఇంకోటి చదవని మనకు, ఒక తేదీ వచ్చి భుజం తట్టి "ఈయన ఎవరో తెలుసా, ఈమె ఎవరో తెలుసా" అని అడిగితే మంచిదే. నా బాధ వేరే. మనం తేదీ ఉన్న గడపకు తోరణం కట్టి బయటినుంచే వెనక్కి వచ్చేస్తున్నాము. లోపలికి పోయి చూస్తే, అక్కడ తేదీ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఆడపిల్లల కాలేజీలో చదువుతున్న మనం ఆ సంగతి పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

మన ఊరి పేరు మోసిన మనిషి నుంచే మొదలుపెడతాను. రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టినారు. బళ్లారిలో వకీలు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా వకీలే. ఆయనే ఇక్కడ సరస వినోదిని సభ పెట్టి, విషాద సారంగధర లాంటి నాటకాలు రాసి ఆడించినారు. అదే ఊళ్లో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపినారు. ఒక్క ఊళ్లో రెండు నాటక సభలు, రెండింటికీ వకీళ్లే పెద్దలు! పగలు కోర్టులో వాదన, రాత్రి రంగం మీద పద్యం. ఆ నేల మీద పెరిగిన రాఘవ తెలుగులోనే కాదు, కన్నడంలో, ఇంగ్లీషులో, హిందీలో కూడా ఆడినారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం, 1939లో రైతుబిడ్డ, 1940లో చండిక సినిమాల్లో నటించినారు. ఈ మాత్రం ప్రతి ఉపన్యాసంలోనూ వస్తుంది. ప్రతి సంవత్సరం వింటాము కాబట్టి మనకు కంఠస్థం.

ఉపన్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టే సంగతి ఇంకోటుంది. రాఘవ కాలంలో నాటకాల్లో ఆడ వేషాలు చాలావరకు మగవాళ్లే వేసేవారు. మీసం తీసేసి చీర కట్టుకోవాల్సిందే. ఆ పనిలో గొప్పవాళ్లు లేకపోలేదు. స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే దేశమంతా పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ప్రతిభ మీద నాకు గౌరవమే. కానీ రాఘవ ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టినారు. చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లను రంగం మీదికి రమ్మని పిలిచినారు. కొమ్మూరి పద్మావతీదేవి అట్లా వచ్చి ఆయనతో కలిసి నటించినవారే.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. పిలిచిన మనిషికి ధైర్యం కావాలి, నిజమే. వచ్చిన మనిషికి ఎంత కావాలి? ఆ రోజుల్లో "నాటకాలాడే ఆడది" అనే మాట తిట్టు. ఆ తిట్టుకు సిద్ధపడి, ముఖానికి రంగు పూసుకుని, వందల మంది మగవాళ్ల ముందుకు వచ్చి నిలబడింది పద్మావతీదేవి. తెల్లవారితే రాఘవను "మహానటుడు" అన్నారు. ఆమెను ఇంటి చుట్టుపక్కల ఏమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. రాఘవ జయంతి మన గోడ మీది క్యాలెండరులో ఉంది, ఆమెది లేదు. మన జిల్లా రంగస్థలం మీదే జీవితం గడిపిన సుభద్రమ్మ మన్సూరు 2020లో కన్నుమూసినారు. ఆమె పేరు మన క్లాసులో అడిగితే ముగ్గురు చేతులెత్తినారు. ఆ ముగ్గురూ ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు.

కాబట్టి ఆగస్టు 2న రాఘవకు దండ వెయ్యండి. ఆయన తెరిచిన తలుపులోంచి నడిచి వచ్చినవాళ్ల పేర్లు కూడా ఆ రోజే చదవండి. ఆయనకైనా అదే నచ్చుతుందని నా నమ్మకం.

"తేదీ దొరకనివాళ్లకు పండుగ ఎట్లా చేస్తాము?" అని ఒక ఫ్రెండ్ అడిగింది. తేదీ అనేది దేవుడు చెక్కిన రాయి అని మనం అనుకుంటాము. దాన్ని నిలబెట్టేది మనుషులే, జరిపేది కూడా మనుషులే. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద సంగతి చూడండి. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలా ఏళ్లు అందరూ రాసుకున్నారు, ఆ రోజునే తెలుగు సినిమా పుట్టినరోజు అన్నారు. తరువాత రెంటాల జయదేవ అనే పాత్రికేయుడు పాత రికార్డులన్నీ తిరగేసి, అది బొంబాయిలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చినారు. ఇప్పుడు ఫిబ్రవరి 6 అంటున్నారు. అంటే ఒక మనిషి ఓపిక పట్టి వెతికితే పుట్టినరోజు కూడా మారుతుంది. ఆ సినిమాలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి తెలుగు టాకీలకు మొదటి హీరోయిన్. తేదీ గురించి జరిగినంత చర్చ ఆమె గురించి కూడా జరిగితే ఎంత బాగుండేదో.

కథ సంగతి ఇంకా ఘాటైనది. మనకు పాఠంలో మొదటి తెలుగు కథ అంటే గురజాడ దిద్దుబాటు, 1910. ఆ లెక్క ప్రకారమే 2010లో తెలుగు కథకు నూరేళ్లు అన్నారు. కానీ భండారు అచ్చమాంబ రాసిన ధన త్రయోదశి అనే కథ 1902లోనే హిందూ సుందరి పత్రికలో అచ్చయింది. ఎనిమిదేళ్లు ముందు! అచ్చమాంబ 1874లో పుట్టి 1905లో పోయింది. ముప్పై ఏళ్లు దాటీ దాటని జీవితం. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. ఆ చదువుతోనే అబలా సచ్చరిత్ర రత్నమాల అని ఆడవాళ్ల చరిత్ర పుస్తకం రాసింది. ఎవరూ దండలు వెయ్యని ఆడవాళ్లను వెతికి వెతికి ఒకచోట చేర్చిన మనిషి ఆమె. చివరికి కథ పుట్టినరోజు లెక్కలో ఆమెనే వదిలేసినారు.

గురజాడను తక్కువ చెయ్యాలని నేనేమీ రాయడం లేదు. దిద్దుబాటు గొప్ప కథే. అది ఆధునిక కథకు పునాది అనేవాళ్ల వాదన కూడా చదివినాను. "మొదటిది" అనే మాటకు కొలత ఏమిటి అన్నది పండితులు తేల్చుకోనీ. నేను అడిగేది చిన్న సంగతి. నూరేళ్ల పండుగ అని బోర్డు రాసేటప్పుడు, ఆ బోర్డు మీద ఎవరి పేరు పడడం లేదో ఒకసారి చూసుకోవాలి కదా?

ఇక మా అవ్వ సంగతి. అమ్మ పుట్టిల్లు ఆలూరు దగ్గర పల్లె. అవ్వ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1. మీ ఇళ్లల్లో కూడా చూడండి, మన ముసలివాళ్లు సగం మంది జనవరి 1నే పుట్టినారు! పుట్టిన రోజు తెలియనివాళ్లకు కంప్యూటరులో ఏదో ఒక తేదీ కొట్టాలి కాబట్టి అది కొట్టినారు. అవ్వను అడిగితే, "తుంగభద్ర డ్యాము అయిపోయిన యేడు నేను సంకలో బిడ్డనంట" అంటుంది. డ్యాము పని 1945లో మొదలై 1953లో పూర్తయింది. అంటే అవ్వ 1952లోనో, ఆ ముందర ఏడాదిలోనో పుట్టినట్టు. మా పెద్దమామ పుట్టింది ఏ యేడని అడిగితే ఒక సినిమా పేరు చెబుతుంది, టెంటులో నేల మీద కూర్చుని నిండు గర్భంతో చూసిందంట. అవ్వకు క్యాలెండరు లేదు కానీ కాలం లెక్క ఉంది. వానలు, కరువులు, డ్యాము, సినిమా, పెళ్లిళ్లు, ఇవే ఆమె తేదీలు.

ఆత్రంగా తినే పిల్లలను అవ్వ "ధాత కరువులో పుట్టినారా?" అని తిడుతుంది. చిన్నప్పుడు నాకు అది ఉట్టి తిట్టు. డిగ్రీలో చేరినాక హిస్టరీ క్లాసులో తెలిసింది, ధాత అనేది మన అరవై సంవత్సరాల పేర్లలో ఒకటి అని, ఆ ధాత 1876లో వచ్చిందని. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని మింగేసిన కరువు అది. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో మన బళ్లారి, పక్కన కర్నూలు ఉన్నాయి. ఇక్కడ జనం ఆకలితో రాలిపోతున్నప్పుడే, 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తిని అని ప్రకటించినాడు. కరువు పనుల్లో ఖర్చు తగ్గించమని వచ్చిన రిచర్డ్ టెంపుల్ కూలీ లెక్క కట్టినాడు: మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర్ధ కిలో కూడా లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. రోజంతా రాళ్లు కొట్టినాక!

ఈ 2026తో ఆ కరువు మొదలై 150 ఏళ్లు. మల్లీశ్వరికి 75 ఏళ్లని రాసినవాళ్లు కనిపించినారు, రాఘవకు 80 ఏళ్లని చెప్పినవాళ్లు కనిపించినారు. ధాత కరువుకు 150 ఏళ్లని ఎక్కడా ఫ్లెక్సీ చూడలేదు. దానికి పటం లేదు, దండ వెయ్యడానికి మెడ లేదు. చనిపోయినవాళ్లకు పేర్లు లేవు, తేదీలు లేవు. కానీ ఆ పేరు చదువు రాని అవ్వల నోట్లో 150 ఏళ్లు బతికింది. దర్బారు తేదీ పుస్తకాల్లో ఉంది, కరువు పేరు తిట్టులో ఉంది. చరిత్ర చదివేవాళ్లం రెండూ చదవాలి.

ఇప్పుడు నవంబరు 1 దగ్గరికి వస్తాను. ఇది మన జిల్లాలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాల్సిన విషయమని తెలుసు. అయినా మాట్లాడాలి.

1956 నవంబరు 1న పెద్దదైన మైసూరు రాష్ట్రం ఏర్పడింది. 1973లో అదే నవంబరు 1న దానికి కర్ణాటక అని పేరు పెట్టినారు. ఆంధ్రప్రదేశ్ పుట్టింది కూడా 1956లో అదే రోజు. బెళ్లారి అని ఇంగ్లీషులో రాసుకునే మన ఊరి పేరు అధికారికంగా బళ్లారి అయింది కూడా 2014 నవంబరు 1నే. కానీ మన దగ్గర గీత అంతకు ముందే పడింది. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచినారు. ఆ తరువాత 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ రోజే మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. బళ్లారి తాలూకా ఎటు పోవాలని పెద్ద వివాదం నడిచి, జస్టిస్ మిశ్రా కమిషన్ విచారించినాక, మిగిలిన తాలూకాలతో పాటు మైసూరుకు వచ్చింది.

ఈ వాక్యాలు మనం పరీక్షలో అయిదు మార్కులకు రాస్తాము. మా అవ్వకు ఇది జీవితం. ఆమె పుట్టినప్పుడు వాళ్ల పల్లె మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా. నడక నేర్చేసరికి ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు జిల్లా. బడికి పంపే వయసుకు ఆంధ్రప్రదేశ్. (బడికి పంపలేదు, అది వేరే కథ.) ఇల్లు కదలలేదు, బావి కదలలేదు, చేను కదలలేదు. సంతకు, ఆసుపత్రికి, సంబంధాలకు మాత్రం బళ్లారికే వచ్చేవాళ్లు. అట్లాంటి ఒక సంబంధమే మా అమ్మది. అప్ప కన్నడం, అమ్మ తెలుగు. మా ఇంట్లో తిట్లు కన్నడంలో, లాలన తెలుగులో. ఒక్కోసారి ఇంకో రకంగా.

స్కూల్లో నవంబరు 1న పసుపు, ఎరుపు జెండా పట్టుకుని నాడగీతె పాడినాను. ఇష్టంగానే పాడినాను, ఇప్పటికీ పాడతాను. అమ్మ పుట్టింటికి పోతే "మీ కర్ణాటకవాళ్లు" అంటారు. ఇక్కడ తెలుగు తీసుకున్నానంటే "ఓ, ఆంధ్రదా?" అంటారు. ఈ ప్రశ్న మీలో చాలామందికి ఎదురయ్యే ఉంటుంది. మన క్లాసులో తెలుగు తీసుకున్నవాళ్లం పదకొండు మందిమి. జూనియర్లు ఏడుగురే. సరిహద్దు తేదీని ఒక వైపు గెలుపుగా, ఇంకో వైపు ఓటమిగా మాట్లాడినన్ని రోజులు, ఈ ఏడుగురు వచ్చే ఏడు అయిదుగురు అవుతారు. తెలుగు చదవడమంటే కన్నడానికి ద్రోహం అన్నట్టు, కన్నడం పాడడమంటే తెలుగును వదులుకోవడం అన్నట్టు చూస్తే ఆడపిల్లలు గొడవెందుకని రెండూ వదిలేసి, ఉద్యోగం వస్తుందని చెప్పే ఇంకేదో తీసుకుంటారు.

చరిత్ర అట్లా లేదు. మొదటి కన్నడ టాకీ సతీ సులోచన 1934 మార్చి 3న వచ్చింది. దాన్ని డైరెక్ట్ చేసిన వై.వి. రావు నెల్లూరు తెలుగువాడు. కృష్ణదేవరాయలు తెలుగులో ఆముక్తమాల్యద రాసినాడు, ఆయన శాసనాలు కన్నడంలోనూ ఉన్నాయి. ఆయన పట్టాభిషేకానికి 500 ఏళ్లని 2010లో హంపీలో ఉత్సవం చేసినప్పుడు ఇరువైపుల జనమూ మా రాజు అన్నారు. ఇద్దరి మాటా నిజమే. రాజు విషయంలో ఇద్దరిదీ ఒప్పుకున్నప్పుడు, మా ఇంటి విషయంలో ఎందుకు ఒప్పుకోరు?

రాయల పేరు వచ్చింది కాబట్టి మల్లీశ్వరి. 1951 డిసెంబరు 20న విడుదలైంది. బి.ఎన్. రెడ్డి డైరెక్షన్, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు, సాలూరు రాజేశ్వరరావు సంగీతం, భానుమతి, రామారావు. మన అమ్మలు ఆ పాటలు వంటింట్లో పాడుకుంటారు. కథ గుర్తుందా? మారువేషంలో ఉన్న రాయలతో నాగరాజు సరదాగా ఒక మాట అంటాడు, మా మల్లికి పల్లకీ పంపించమని. రాజు నిజంగానే పల్లకీ పంపుతాడు. ధనం చూసి తల్లి ఒప్పుకుంటుంది. మల్లి రాణివాసానికి పోతుంది. బావ సరదా, రాజు దయ, అమ్మ ఆశ, ముగ్గురూ కలిసి మల్లి జీవితాన్ని నిర్ణయిస్తారు. మల్లిని ఎవరూ అడగలేదు. 75 ఏళ్ల కిందటి సినిమా కదా అని తీసెయ్యలేము. మనలో ఎంతమందికి పల్లకీ ఇంటి ముందు దిగినాక సంగతి తెలుస్తుందో మనకే తెలుసు. సెకండ్ ఇయర్లో చదువు ఆగిపోయిన ఫ్రెండ్ మీ క్లాసులో లేదా?

ఈ సినిమా చూసినాక నేను లైబ్రరీలో విజయనగరం మీద పుస్తకాలు వెతికినాను. రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చు వేసిన ఇంగ్లీషు పుస్తకంలో పోర్చుగీసువాళ్లు రాసుకున్న వివరాలు ఉన్నాయి. రాయల తరువాత అచ్యుతరాయల కాలంలో ఇక్కడ ఉన్న నూనిజ్ అనే గుర్రాల వ్యాపారి రాణివాసం గురించి ఒక సంగతి రాసినాడు. అంతఃపురంలో కుస్తీ పట్టే ఆడవాళ్లు ఉన్నారంట. జోస్యం చెప్పేవాళ్లు ఉన్నారంట. లోపలి ఖర్చులన్నీ లెక్క రాసే ఆడవాళ్లు ఉన్నారంట. రాజ్యం వ్యవహారాలు రాసి, బయట రాసే మగ లేఖకుల పుస్తకాలతో సరిచూసే ఆడవాళ్లు కూడా ఉన్నారంట! మనకు సినిమాల్లో రాణివాసమంటే పాటలు, పూలు, వింజామరలు. ఒక విదేశీ వ్యాపారి కంటికి మాత్రం లెక్క రాసే చేతులు కనిపించినాయి. ఆ చేతుల పేర్లు? ఒక్కటీ లేదు. అచ్యుతరాయల కొలువులో వరదాంబికా పరిణయం రాసిన తిరుమలాంబ, అంతకు ముందు మధురా విజయం రాసిన గంగాదేవి, ఇట్లా కావ్యం రాసినవాళ్ల పేర్లు మిగిలినాయి. వాళ్లకూ పుట్టిన తేదీలు తెలియవు. మన మొల్లకూ లేదు. లెక్కలు రాసినవాళ్లకైతే పేరు కూడా మిగల్లేదు. సినిమాకు 75 ఏళ్లని మొదలుపెడితే నేను చేరిన చోటు ఇది.

"ఇదంతా సరే, పరీక్షల మధ్యలో ఎవరికి టైముంది?" అంటారు. నాకూ లేదు. అందుకే పెద్ద ఉత్సవం అడగడం లేదు. ఉత్సవానికి పెట్టే టైములో సగం చాలు. "పాత గాయాలు కెలకడం ఎందుకు?" అని ఇంకొందరు అంటారు. మాట్లాడకపోతే గాయం మానుతుందని నాకు నమ్మకం లేదు. ఏం జరిగిందో తెలిసినవాళ్లు కొట్లాడరు, సగం తెలిసినవాళ్లే కొట్లాడతారు.

మన శాఖకు నేను చెప్పేది మూడు పనులు.

ఒకటి. నవంబరు 1 ఈసారి ఆదివారం. జెండా వందనం ఆ రోజు ఎట్లాగూ జరుగుతుంది. సోమవారం మధ్యాహ్నం ఒక్క గంట కన్నడ శాఖవాళ్లతో కలిసి కూర్చుందాం. మనం అచ్చమాంబ ధన త్రయోదశి చదువుదాం, అదే వారంలో ఆ పండుగ కూడా వస్తుంది. వాళ్లు నంజనగూడు తిరుమలాంబ పేజీలు చదువుతారు. ఆమె కన్నడంలో కర్ణాటక నందిని అనే పత్రిక నడిపిన మనిషి. రెండు భాషలూ వచ్చినవాళ్లం మధ్యలో కూర్చుని అర్థం చెబుతాము. మనకు ఇన్ని రోజులూ ఇబ్బంది అనిపించింది ఆ రోజు పనికొస్తుంది.

రెండు. డిసెంబరు 20 కూడా ఆదివారమే. ముందు రోజు శనివారం సెమినార్ హాల్లో ప్రొజెక్టరు పెట్టి మల్లీశ్వరి చూద్దాం. సినిమా అయినాక నూనిజ్ రాసిన ఆ రెండు పేజీలు తెలుగు చేసి చదువుదాం. అనువాదం నేను మొదలుపెట్టినాను, ఇంగ్లీషు తీసుకున్నవాళ్లు ఇద్దరు తోడు రండి.

మూడు. ఇది అన్నిటికన్నా సులభం, నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ గోడపత్రిక కింది వరసలో నాలుగు కాగితాల చోటు ఖాళీ ఉంచమని మేడమ్‌ను అడిగినాను, సరే అన్నారు. అక్కడ తేదీ లేనివాళ్ల పట్టిక పెడదాం. ప్రతి ఒక్కరూ ఇంట్లో ఒక పెద్దావిడను అడగండి: నువ్వు ఏ యేడు పుట్టినావు, అది నీకు దేంతో గుర్తు, మొదట చూసిన సినిమా ఏది, ఎవరు తీసుకుపోయినారు, తెర మీద ఎవరు కనిపించినారు, నిన్ను బడికి పంపినారా. నాలుగు వాక్యాలు చాలు. తెలుగులో రాయండి, కన్నడంలో రాసినా అంటిస్తాము. ఆమె చెప్పిన గుర్తును పట్టుకుని ఏ సంవత్సరమో మనం లైబ్రరీలో వెతుకుదాం. ఒక పాత్రికేయుడు వెతికితే తెలుగు సినిమా పుట్టినరోజు దొరికింది. మన అవ్వల పుట్టిన సంవత్సరాలు దొరకవా?

కాగితాలు ఈ నెలాఖరులోపు తెలుగు శాఖ గది బయట ఉన్న డబ్బాలో వెయ్యండి. మీ పేరు రాయకపోయినా ఫరవాలేదు, ఆమె పేరు మాత్రం పూర్తిగా రాయండి.